ఇటలీకి పద్దు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను ఆ రెండూ చేసి చూశాను. పెంకుటింటిని దించి స్లాబు వేయించాను. ఒక్కగానొక్క కొడుక్కు పెళ్లి చేశాను. రెండింటివల్లా అప్పు మిగిలింది, అనుభవమూ మిగిలింది. అయితే ఆ సామెత చెప్పిన పెద్దమనిషికి పాస్‌పోర్టు ఉండి ఉండదు. ఉన్నట్టయితే మూడో మాట కూడా చేర్చి ఉండేవాడు: విదేశయాత్రకు పద్దు రాసి చూడు, అని.

మాది జయశంకర్ భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి. 2016 లో జిల్లాలు విడగొట్టేదాకా వరంగల్లు జిల్లా. పత్తి, మిరప, వరి మా ఊరి పంటలు. ఇక్కడినుంచి ఎవరైనా విదేశం పోతున్నారంటే దుబాయికో సౌదీకో పనికి పోతున్నారని ఒక అర్థం. అమెరికాలో కోడలు పురిటికి పోతున్నారని ఇంకో అర్థం. ఊరికే చూడటానికి, తినటానికి, తిరగటానికి పోవటమన్న మూడో అర్థం మా ఊరి నిఘంటువుకు ఇంకా ఎక్కలేదు. అందుచేత మేమిద్దరం ఇటలీ పోదామనుకుంటున్నామన్న సంగతి బయటికి పొక్కగానే, టీ కొట్టు దగ్గర ఒకాయన అడిగాడు.

"అక్కడ మీవోళ్లు ఎవరున్నరు సారూ?"

"మైకెలాంజెలో అని ఒకాయన ఉండేవాడు."

"ఏం పని జేస్తుండె?"

"రాతిపని."

"గట్లనా! అక్కడ కూలి మంచిగనే పడ్తదట గద" అని ఆయన తృప్తిగా టీ తాగాడు. కూలి సంగతేమో గాని, ఆ రాతిపనివాడు చెక్కిన దావీదు విగ్రహాన్ని చూడటానికి అయిదు వందల ఏళ్ల తరవాత కూడా జనం డబ్బిచ్చి వరసలో నిలబడుతున్నారు.

పటం వెనక కథ

ఈ కోరిక నాది కాదు, మా శ్రీమతిది. నేను లెక్కల పంతుల్ని. తాను డ్రాయింగు టీచరు. ముప్ఫైరెండేళ్లు సర్కారు బడుల్లో పిల్లలచేత మామిడికాయలు, జెండాలు, నెమళ్లు వేయించి రిటైరయింది. ట్రెయినింగులో ఉన్న రోజుల్లో పాత పుస్తకాల బండి మీద కొన్న రంగుల పటం ఒకటి మా బీరువా తలుపుకు లోపలివైపు అంటించి ఉంటుంది. బొత్తిచెల్లి అనే చిత్రకారుడు 1480 ప్రాంతాల వేసిన 'ప్రిమవేరా' అది. ప్రిమవేరా అంటే వసంతం. నారింజతోట నడుమ వీనస్ దేవత, ఒక పక్క చేతులు కలిపి ఆడుతున్న ముగ్గురు వనితలు, ఇంకో పక్క పూలు చల్లుకుంటూ నడిచి వస్తున్న ఫ్లోరా. ఆ వనితల పాదాల కింద పచ్చిక నిండా పూలే. వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు అందులో నూటికి పైగా పూలమొక్కలను పేరు పెట్టి గుర్తుపట్టారట.

ఏటా బతుకమ్మకు తంగేడు, గునుగు, కట్ల, బంతి వరసలు తీర్చే చెయ్యి మా శ్రీమతిది. పూలన్న మాట వింటే ఆగదు. పోస్టుకార్డంత పటంలో ఆ పూలు ఆవగింజల్లా కనిపిస్తాయి. భూతద్దం పెట్టినా అచ్చు చుక్కలే పెద్దవవుతాయి గాని పువ్వు పెద్దది కాదు. అసలు పటమేమో మూడు మీటర్లకు పైగా వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. ఫ్లారెన్సు నగరంలో ఉఫీజీ అనే చిత్రశాలలో ఉంది.

రెండేళ్ల కిందట కళ్లజోడు మార్చుకుందామని హనుమకొండ పోతే, డాక్టరు పరీక్ష చేసి గ్లకోమా అన్నాడు. మనవాళ్లు నీటికాసులంటారే, అది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచులనుంచి చడీచప్పుడూ లేకుండా తరుక్కుపోతుంది. చుక్కల మందు క్రమం తప్పకుండా వేసుకుంటే ఉన్న చూపును చాలామందిలో చాలాకాలం కాపాడవచ్చు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. నలభై దాటిన ప్రతివారూ, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే మరీను, కంటిలోని ఒత్తిడి చూపించుకోవటం మంచిది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే నా వ్యాసం మీకు సగం పనికివచ్చినట్టే.

ఇంటికి వచ్చిన తరవాత మూడు రోజులు తాను ఏమీ మాట్లాడలేదు. నాలుగో రోజున బీరువా తలుపు తెరిచి చాలాసేపు నిలబడి, "దీన్ని ఒక్కసారి దగ్గరనుంచి జూడాలె. పూలు లెక్కపెట్టాలె" అంది.

ఇంటి పంచాయితీ

మాది చిన్న కుటుంబమే గాని పంచాయితీకి తక్కువ లేదు. హైదరాబాదునుంచి కొడుకు ఫోనులో, "నాన్నా, ఆ మ్యూజియమంతా కంప్యూటర్లనే చూడొచ్చు. ఎంత కావాలంటే అంత పెద్దగ చేసుకోవచ్చు. నాలుగున్నర లక్షలు ఎందుకు?" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. చూపించాడు కూడా. శ్రీమతి ఓపికగా చూసి, "బాగున్నదిరా. నీ పెండ్లి కూడ వీడియోల చూస్తే సరిపోతుండె. ఇన్ని పైసలు ఎందుకు పెట్టినం?" అంది. వాడు మరి మాట్లాడలేదు.

నా వంతుగా నేనూ అడ్డుపుల్ల వేశాను. మేడమీద ఒక గది వేయాలని నా కోరిక. సిమెంటు, ఇసుక, స్టీలు, కూలి, అన్నీ లెక్క కట్టి ఉంచాను. అయితే ఆ డబ్బు తన రిటైర్మెంటు డబ్బు. ముప్ఫైరెండేళ్లు సుద్దముక్క పట్టిన చేతి సంపాదన. ఇల్లు కట్టినప్పుడూ, పెళ్లి చేసినప్పుడూ ఆమె జీతంలోంచి తీసుకున్నదానికి ఇంట్లో ఎవరూ పద్దు రాయలేదు. ఆ మాట ఆమె అనలేదు. నేను లెక్కల పంతుల్ని గనక నాకే తోచింది.

చివరి తీర్పు మా అవ్వది. ఎనభై దాటిన మనిషి. మంచంమీద కూర్చుని అంతా విని, "కండ్లున్నప్పుడె జూడాలె, పండ్లున్నప్పుడె దినాలె. గది ఎవనికిరా, ఎలుకలకా?" అంది. మేడగది పంచాయితీ అక్కడితో ముగిసింది.

ఏడు దేశాలా, మూడు ఊళ్లా?

యాత్రల కంపెనీవారి రంగుల కాగితాలు తెచ్చి పరిచాం. పది రోజుల్లో ఏడు దేశాలు ఒకరిది. ఎనిమిది రోజుల్లో అయిదు దేశాలు ఇంకొకరిది. బస్సు, భోజనం, తెలుగు మాట్లాడే మేనేజరు అన్నీ వాళ్లే చూస్తారు. భాష రానివాళ్లకు, పిల్లలూ పెద్దలూ కలిసి పోయేవాళ్లకు అదొక సుఖమే, కాదనను. కాని ఆ కాగితాల్లో ఫ్లారెన్సుకు కేటాయించింది మూడు గంటలు. "మూడు గంటల్ల పూలు లెక్కవెట్టుడు అయితదా?" అంది శ్రీమతి. కాగితాలు మడిచేశాం.

ముందు ఒక సూత్రం ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున ఒక్క చూడదగిన వస్తువు. మధ్యాహ్నం ఒక్క తినదగిన భోజనం. తరవాత నిద్ర. సాయంత్రం కాలక్షేపంగా నడక. ఈ సూత్రం ప్రకారం పదకొండు రాత్రులకు మూడు ఊళ్లే పట్టాయి: రోము నాలుగు, ఫ్లారెన్సు అయిదు, మిలాన్ రెండు. రోములో దిగి మిలాన్‌లో విమానం ఎక్కితే వచ్చిన దారినే తిరిగి పోయే ప్రయాసా, ఖర్చూ తప్పుతాయి. రోమునుంచి ఫ్లారెన్సుకు వేగం బండిలో సుమారు గంటన్నర. ఫ్లారెన్సునుంచి మిలాన్‌కు రెండు గంటలు. కాజీపేటనుంచి సికిందరాబాదు పోయినట్టే. ఈ వేగం బళ్ల టిక్కెట్లు ముందుగా కొంటే చవక, ఆఖరిరోజు కొంటే ప్రియం.

వెనిస్ వదులుకున్నాం. నీళ్లమీది ఊరు, చూడవలసిందే. కాని ఆ ఊరినిండా వంతెనలు, వంతెనలకు మెట్లు. నీటికాసులు ఉన్నవాళ్లకు మసక వెలుగులో మెట్టు దిగటం కష్టం. అదేవిధంగా ఫ్లారెన్సు పెద్ద చర్చి గుమ్మటం ఎక్కటం కూడా మానుకున్నాం. 463 మెట్లు, లిఫ్టు లేదు. బ్రూనెలెస్కి అనే మేస్త్రీ 1420 నుంచి 1436 దాకా, కిందినుంచి కర్రల ఆనిక లేకుండా అంత గుమ్మటాన్ని లేపాడు. కిందనుంచి తల ఎత్తి చూసినా ఆ ఘనత తగ్గదు.

ఇక నెల. ఆగస్టు పనికిరాదు, ఎండ, రద్దీ, పైగా 15 వ తేదీ పండుగకు అక్కడివాళ్లే దుకాణాలు మూసి సముద్రానికి పోతారు. అక్టోబరు చల్లగా ఉంటుంది గాని, బతుకమ్మ వదిలి వచ్చే ప్రసక్తి లేదని శ్రీమతి తేల్చింది. ఆ వెంటనే పత్తి ఏరటం. చలికాలం చవకే, కాని అయిదు గంటలకే పొద్దు వాలుతుంది, మాకు కావలసింది వెలుతురు. అందుకని మే నెల ఖాయం చేశాం. అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిది దాటినా వెలుగు ఉంటుంది. మిరప కోత, వరి కోత అయిపోయి, మృగశిర కార్తెకు ముందే ఇంట్లో ఉండవచ్చు.

ఇంటి దగ్గర రిహార్సలు

నాటకానికి రిహార్సలు ఉన్నప్పుడు యాత్రకు ఎందుకు ఉండకూడదు? శ్రీమతి ఎంతసేపు నిలబడి చూడగలదు, ఏ వెలుగులో ఏది కనిపిస్తుంది, ఇవి ముందే తెలుసుకోవాలి. పక్క జిల్లా ములుగులోనే పాలంపేట రామప్ప గుడి ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213 లో కట్టించాడు. 2021 లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు. నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక నింపిన పునాది. పీసా ఊళ్లో ఒరిగిన గోపురం 1173 లో మొదలు పెట్టారు. నేల మెత్తనై ఒరిగింది. 1990 లో జనాన్ని ఎక్కనీయకుండా మూసి, పదేళ్లకు పైగా మరమ్మతు చేసి 2001 లో మళ్లీ తెరిచారు. నలభై ఏళ్ల తేడాతో మొదలైన రెండు కట్టడాల్లో ఒకటి ఒరిగినందుకు లోకమంతా ఎరుగును. రెండోది నేల మెత్తదనానికి ముందే ఇసుకపెట్టె ఉపాయం చేసుకున్నది, దాన్ని పక్క జిల్లావాళ్లం మేమే ఇన్నాళ్లూ పూర్తిగా ఎరగం.

పొద్దున ఏడింటికి చేరి గుడి చుట్టూ తిరిగాం. వాలు వెలుగులో మదనికల నగల గంటలు కూడా కనిపించాయి. పది దాటి మండపంలోకి పోయేసరికి, ఎండలోంచి నీడకు వచ్చిన కళ్లకు చాలాసేపు ఏమీ తెలియలేదు. నలభై నిమిషాలు నిలబడితే కూర్చోవలసి వచ్చింది. ఇవన్నీ రాసుకున్నాను. ఇటలీలో మా టిక్కెట్లన్నీ పొద్దుటి తొలి గంటకే కొనబోయేది ఈ రామప్ప పాఠంవల్లనే.

రెండో రిహార్సలు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను చూడనివారు తెలుగుదేశంలో తక్కువ. దాన్ని చెక్కిన బెంజోనీ ఇటలీవాడు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876 లో రోము పోయినప్పుడు కొని తెచ్చాడు. అంటే మాకన్నా నూటయాభై ఏళ్లు ముందే మన హైదరాబాదునుంచి ఒకాయన ఇటలీకి కళలు చూడటానికి పోయివచ్చాడన్న మాట. అటునుంచి ఇటు ఇంకా ముందు: వెనిస్ వర్తకుడు మార్కోపోలో 13 వ శతాబ్దం చివర మన మోటుపల్లి రేవు సంగతులు రాసిపెట్టాడు. ఇక్కడి సన్నని బట్టలు సాలెగూడులా ఉంటాయని మెచ్చుకున్నాడు. ఆ దేశాన్ని ఏలే రాణి న్యాయవంతురాలన్నాడు. ఆమె మన రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. కనక ఇటలీ మనకు కొత్త చుట్టం కాదు.

చూడవలసినవి, వాటి సెలవులు

ఫ్లారెన్సు ఉఫీజీకి, దావీదు విగ్రహం ఉన్న అకడేమియాకు సోమవారం సెలవు. మిలాన్‌లో లియొనార్డో 'చివరి విందు' చిత్రానికీ సోమవారమే సెలవు. రోములో వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం మధ్యాహ్నందాకా తెరిచి ఉచితంగా వదులుతారు, ఆ రోజు వరస చూస్తే మేడారం జాతర గుర్తుకు రావాలట. వాటికన్‌కు భుజాలు, మోకాళ్లు కప్పిన బట్టలు తప్పనిసరి. చీరె కట్టుకుని కొంగు కప్పుకున్న ఆడవాళ్లకు ఏ చిక్కూ లేదు. నిక్కర్ల పెద్దమనుషులకే చిక్కు. పిల్లలున్నవాళ్లకు ఒక శుభవార్త: ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో పద్ధెనిమిదేళ్లలోపు వారికి ఏ దేశంవారైనా ప్రవేశం ఉచితం.

చివరి విందు సంగతి వేరు. లియొనార్డో దాన్ని 1495, 1498 నడుమ ఒక మఠం భోజనశాల గోడమీద వేశాడు. సన్యాసులు కింద రొట్టె తింటూ పైన విందు చూసేవారన్న మాట. తడి సున్నం మీద కాకుండా పొడి గోడమీద ప్రయోగం చేసినందువల్ల లియొనార్డో బతికి ఉండగానే రంగు రాలటం మొదలైంది. 1943 ఆగస్టులో బాంబు పడి ఆ గది పైకప్పూ, ఒక గోడా కూలినా, ఇసుక మూటల చాటున ఈ గోడ నిలిచింది. ఇప్పుడు కొద్దికొద్దిమందిని పావుగంటసేపే లోపలికి వదులుతారు. టిక్కెట్లు చాలా ముందే అయిపోతాయి. అందుకని తక్కిన యాత్రంతా ఈ పావుగంట చుట్టూ అల్లాం. మిలాన్ ఆఖరి ఊరు కావటానికి కారణం ఇదొక్కటే.

రోములో కానీ ఖర్చు లేకుండా చూడదగినవి కూడా ఉన్నాయి. సెయింట్ పీటర్స్ పెద్ద చర్చిలో మైకెలాంజెలో ఇరవై అయిదేళ్ల లోపు వయసులో చెక్కిన 'పియెతా' ఉంది. ఫ్రెంచివారి చర్చి ఒకదానిలో కరవాజ్జో వేసిన మాథ్యూ చిత్రాలు మూడు ఉన్నాయి. అక్కడ చీకటి, గోడకున్న పెట్టెలో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. మా శ్రీమతికి ఈ సంగతి చెప్పగానే చిల్లర నాణేలకు ఒక చిన్న సంచీ కుట్టింది.

గట్క ఇటలీలోనూ ఉంది

"చూసుడు సరే, తినేదేంది?" అన్న ప్రశ్న అవ్వది. మేము మాంసం తినేవాళ్లమే గాని గొడ్డుమాంసం, పందిమాంసం తినము. ఇటలీలో ఆ రెండూ చెప్పా పెట్టకుండా ముద్దలోకి వస్తాయి. రాగూ అంటే మాంసం పులుసు. కార్బొనారాలో, అమత్రిచానాలో పందిమాంసం ఉంటుంది. అందుకని రెండు ముక్కలు బట్టీ పట్టాం: "నియెంతే మాన్‌జో, నియెంతే మయాలే". గొడ్డుమాంసం వద్దు, పందిమాంసం వద్దు అని అర్థం. ఊరికే మాంసం వద్దంటే, సన్నగా కోసిన పంది తునకలను మాంసం కింద లెక్కించనివాళ్లూ ఉంటారట.

కచ్చితమైన శాకాహారులకు ఒక హెచ్చరిక: పేరుపడిన పర్మిజానో జున్ను దూడ కడుపులోంచి తీసిన తోడుతోనే చేయాలని అక్కడి నియమం. పెకొరీనోకు గొర్రెపిల్లది. జున్ను చల్లవద్దని చెప్పుకోవాలి.

ఇక మనసుకు నచ్చేవి లేకపోలేదు. ఉత్తరాన పొలెంతా అని ఒకటి ఉంది. మక్కపిండిని కాగే నీళ్లలో పోసి కర్రతో తిప్పుతూ గట్టిపడేదాకా ఉడికిస్తారు. "మక్క గట్క!" అంది అవ్వ, విన్న మరుక్షణాన. సముద్రపుటంచు ఊళ్లలో శనగపిండి, నీళ్లు, నూనె కలిపి కాల్చే ఫరినాతా ఉంది. ఫ్లారెన్సు వైపు పాత రొట్టె, చిక్కుడుగింజలు, ఆకుకూర కలిపి మళ్లీ మళ్లీ కాచే రిబొల్లీతా. చద్దిని పారెయ్యని ఇల్లాళ్లు అక్కడా ఉన్నారన్న మాట. దక్షిణాన కలాబ్రియావాళ్లు మిరపకాయ లేనిదే ముద్ద ముట్టరట. వెల్లుల్లి, నూనె, ఎండుమిరప వేసి కలిపే పాస్తా ఎక్కడైనా దొరుకుతుంది, ఏ మాంసమూ ఉండదు.

తమాషా ఏమిటంటే ఇటలీవాళ్ల టమాటా, మన మిరప, ఇద్దరి మక్కలు, మూడూ అమెరికానుంచి వచ్చినవే. కొలంబస్ ప్రయాణాల తరవాతగాని మనకూ వాళ్లకూ అవి తెలియవు. ఇటలీలో టమాటా రసం వంటపుస్తకానికి ఎక్కింది 17 వ శతాబ్దం చివర. మిరప మన నేలకు వచ్చి ఎంత మనదయిందంటే, వరంగల్లు చపాటా మిర్చికి 2025 లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువగా ఉండే దీన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. ఇటలీ చుట్టరికం పేరులోనే ఉంది!

హోటలు మర్యాదలు కొన్ని: కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు 'కొపెర్తో' అని తలకింత వేస్తారు, మోసం కాదు, ఆనవాయితీ. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకొకటి. మధ్యాహ్నం తరవాత వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ ఏడున్నరకు గాని పొయ్యి వెలగదు. కనక చుక్కల మందుతోపాటు సకినాలు చేతిసంచీలో ఉండాలి. మాంసం పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టెలో పెట్టరాదు. మాంసం, పాల పదార్థాలు ఐరోపాలోకి తీసుకుపోనివ్వరు. రోములో నీళ్లు కొనక్కరలేదు. 1870 ల నుంచి వీధి వీధికీ ఇనప కుళాయిలు పెట్టారు, రెండువేలకు పైగా. ఖాళీ సీసా ఉంటే చాలు.

కాగితాలు, పద్దు

పాస్‌పోర్టులో మనవాళ్లకు వచ్చే చిక్కు ఇంటిపేరు. పదోతరగతి కాగితంలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, పెళ్లయిన తరవాత ఇంకో పేరు. అన్నీ ఒక్కటి చేసుకున్న తరవాతే దరఖాస్తు పెట్టండి. విమానం టిక్కెట్టుమీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై, తిరిగి వచ్చే తేదీ తరవాత మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి. షెన్‌గెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు పెట్టవచ్చు. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. వైద్యబీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. బ్యాంకు ఖాతా, పెన్షను కాగితాలు, బస, ఏ రోజు ఎక్కడ ఉంటామన్న పట్టిక చూపాలి. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇచ్చే బసలే తీసుకోవటం బుద్ధిమంతుల లక్షణం.

మందులకు డాక్టరు చీటీ, సీసాలు చేతిసంచీలో. మే నెలలో అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. చుక్కలు తప్పకుండా ఉండటానికి నేను రెండు గడియారాలు పెట్టుకుంటున్నాను, ఒకటి మొగుళ్లపల్లి కాలంతో.

పద్దు ఇదీ. యూరోకు 110 రూపాయలు వేసుకున్నాం. ఇద్దరికి విమానం 1,30,000, పదకొండు రాత్రుల బస, రోజుకు 110 యూరోల చొప్పున 1,33,100, పన్నెండు రోజుల తిండి, రోజుకు 60 యూరోల చొప్పున 79,200, చిత్రశాలలు 22,000, రైళ్లు, బస్సులు 22,000, వీసా, బీమా 32,000, అనుకోని ఖర్చులకు 41,700. మొత్తం 4,60,000 రూపాయలు. బసల దగ్గర ఊరిపన్ను వేరే కట్టాలి. అది అనుకోని ఖర్చుల్లోంచే.

మేడగది లెక్క 5,20,000 అయింది. కాబట్టి అరవై వేలు మిగిలాయని నేను అంటున్నాను. లెక్కల పంతుళ్లు ఇట్లాగే బతకాలి.

ఇప్పుడు శ్రీమతి ఒక కొత్త నోటుపుస్తకం కొని, అచ్చుపటంలో గుర్తుపట్టగలిగిన పూలను పేజీకొకటిగా గీస్తోంది. గులాబీ, లిల్లీ, మల్లె అయ్యాయి. నిన్న చివరి పేజీలో గునుగు పువ్వు గీసింది.

"ఆ పటంల గునుగు ఎక్కడుంటది?" అన్నాను.

"ఉండకపోవచ్చు. ఉన్నదా లేదా చూసొచ్చేది నేను. మీరు రైలు టిక్కెట్లు చూసుకోండి" అంది, రంగు అద్దుతూ.